టాబ్లెట్ మీదైతే ఖాతా కూడా మీదే కావాలి

ప్రశ్న: మాది తెనాలి. తెలుగు టీచరుగా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వయసు 68. డాలస్‌లో ఉండే మా అబ్బాయి వేసవిలో వచ్చినప్పుడు సామ్‌సంగ్ టాబ్లెట్ తెచ్చి ఇచ్చాడు. 11 అంగుళాలది, సిమ్ పెట్టేది కాదు, వైఫై మాత్రమే. విమానం ఎక్కే ముందు రోజు రాత్రి హడావుడిగా కూర్చుని అన్నీ వాడే పెట్టేశాడు. తీరా తెరిస్తే వాడి మెయిళ్లు, వాడి ఫొటోలే కనిపిస్తున్నాయి. ఏది నొక్కితే ఏది చెరిగిపోతుందోనని భయమేసి బీరువాలో పెట్టేశాను. మూడు నెలలైంది. నాకు కావలసినవి మూడే. పాత తెలుగు పుస్తకాలు పెద్ద అక్షరాల్లో చదువుకోవాలి (ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది). మనవరాలితో మాట్లాడాలి. దాని కోసం మా ఇంటి వంటలు, నా చిన్నప్పటి సంగతులు తెలుగులో రాసి ఉంచాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం:

అమ్మా, ఇది చదవబోయే ముందు టాబ్లెట్‌ను బీరువాలోంచి తీసి చార్జింగ్‌కి పెట్టండి. మూడు నెలలంటే చార్జింగ్ పూర్తిగా దిగిపోయే ఉంటుంది. బ్యాటరీ ఖాళీగా నెలల తరబడి పడి ఉంటే పాడవుతుంది, కాబట్టి ఇంక ఆలస్యం చేయొద్దు. అమెరికా చార్జర్ అయితే పిన్నులు చదునుగా ఉంటాయి, మన ప్లగ్గులో సరిగా పట్టవు. దాని మీద చిన్న అక్షరాల్లో 100–240 అని రాసి ఉందేమో చూడండి. ఉంటే మన కరెంటుకు పనికొస్తుంది. ఎలక్ట్రికల్ షాపులో అడిగితే దానికి తగిలించే మన పిన్ను ఇస్తారు. తెర వెంటనే వెలగకపోయినా కంగారు పడకండి. పూర్తిగా ఖాళీ అయిన టాబ్లెట్ ఒక్కోసారి పావుగంటో అరగంటో ఆగి గానీ బ్యాటరీ బొమ్మ చూపించదు.

ఇక మీ భయం సంగతి. టాబ్లెట్‌లో ఏది నొక్కినా పోయేది ఏమీ ఉండదని చాలామంది పెద్దవాళ్లకు ధైర్యం చెబుతుంటాను. మీకు మాత్రం ఆ మాట చెప్పలేను. మీరు భయపడటంలో న్యాయం ఉంది. ఆ టాబ్లెట్‌లో కనిపిస్తున్న ఫొటోలు మీ అబ్బాయి గూగుల్ ఖాతాలోవి. మీరు వాటిలో ఒకటి తీసేస్తే డాలస్‌లో అతని ఫోన్‌లోంచి కూడా పోతుంది. అరవై రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటుంది కాబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అది పోయిందని అతనికి తెలిసేదెలా? ఇటు మీరు వెతికినవి, చూసినవి కూడా అతని ఖాతాలోనే పడుతుంటాయి. మీరు దాచుకున్న ఫోన్ నంబర్లు అతని నంబర్లలో కలిసిపోతాయి. ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. తప్పు మీ చేతుల్లో లేదు, ఖాతాలో ఉంది. దాన్ని సరిచేస్తే మిగతాదంతా తేలిక.

ఖాతా విషయంలో నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా ఇంట్లోనే జరిగింది. మా నాన్నగారికి టాబ్లెట్ కొన్నప్పుడు దుకాణంలో కుర్రాడే ఆయన పేరుతో ఒక జీమెయిల్ సృష్టించి, తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి, "అంతా రెడీ సార్" అని చేతికిచ్చాడు. ఏడాదిన్నర బాగానే నడిచింది. ఒకరోజు నాన్న తెర తెరిచే పిన్ మరిచిపోయారు. సరే, మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెడదాం అనుకున్నాం. చెరిపాక తెర మీద ఒకే ప్రశ్న వచ్చింది: ఇంతకుముందు ఇందులో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ చెప్పండి. దొంగిలించినవాళ్లు చెరిపేసి అమ్ముకోకుండా ఆండ్రాయిడ్‌లో పెట్టిన తాళం అది. ఆ పాస్‌వర్డ్ మాకెవరికీ తెలియదు, ఆ కుర్రాడు మానేసి వెళ్లిపోయాడు. బిల్లు పట్టుకుని తిరిగి తిరిగి, పని పూర్తయ్యేసరికి నెల పట్టింది. ఆ నెల రోజులూ నాన్న ఆ నల్లటి తెరను రోజూ ఒకసారి తుడిచి మళ్లీ కవరులో పెట్టేవారు. అందుకే, మీ పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి, మీ చేత్తోనే రాసుకోండి.

మీకు ఆదివారం ఉదయమంటే డాలస్‌లో శనివారం రాత్రి. ఏడు గంటలకు మీ అబ్బాయికి ఫోన్ చేసి, అతను లైనులో ఉండగా ఈ పని చేయండి. ముందు అతని ఖాతాను టాబ్లెట్ నుంచి తీసేయాలి. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్ అండ్ బ్యాకప్', అందులో 'మేనేజ్ అకౌంట్స్', అతని మెయిల్ మీద నొక్కి 'రిమూవ్'. దీనివల్ల అతని మెయిళ్లు, ఫొటోలు పోవు. అవి గూగుల్ దగ్గరే ఉంటాయి, ఈ టాబ్లెట్‌కు మాత్రం కనిపించవు. సామ్‌సంగ్ ఖాతా కూడా పెట్టి ఉంటే అదీ తీసేయాలి. దానికి అతని పాస్‌వర్డ్ అడుగుతుంది. అందుకే అతను లైనులో ఉండాలన్నాను. ఆ తర్వాత 'జనరల్ మేనేజ్‌మెంట్' లో 'రీసెట్', అందులో 'ఫ్యాక్టరీ డేటా రీసెట్'. ఈ వరస తప్పొద్దు. ఖాతా ఉండగానే చెరిపేస్తే మా నాన్నగారికి ఎదురైన ప్రశ్నే మీకూ ఎదురు కావచ్చు.

కాసేపటికి టాబ్లెట్ కొత్తగా కొన్నట్టు తెరుచుకుంటుంది. మొదట భాష అడుగుతుంది. అక్కడ తెలుగు కనిపించవచ్చు. అయినా ఇంగ్లీషే ఎంచుకోమని నా సలహా. తెలుగు టీచరుకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ రేపు మీకు సందేహం వస్తే చెప్పే మీ అబ్బాయి గానీ పక్కింటి కుర్రాడు గానీ 'సెట్టింగ్స్, డిస్‌ప్లే' అనే చెబుతారు. తెర మీద వేరే మాట ఉంటే ఇద్దరూ వెతుక్కోవాలి. మీరు చదివేది, రాసేది తెలుగులోనే ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. చేయి తిరిగాక, తెలుగు ఉంటే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

వైఫై కలిపాక గూగుల్ ఖాతా అడుగుతుంది. మీ ఫోన్‌లో ఇప్పటికే మీ పేరున జీమెయిల్ ఉండి, పాస్‌వర్డ్ తెలిసి ఉంటే అదే ఇవ్వండి. లేకపోతే 'క్రియేట్ అకౌంట్' నొక్కి కొత్తది తెరవండి. పుట్టినతేదీ నిజమైనదే ఇవ్వండి, ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. పాస్‌వర్డ్‌కు మనవరాలి పేరు, పుట్టిన సంవత్సరం వద్దు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి. సుద్దముక్క, గోంగూర, రైలుబండి లాంటివి. మీకు గుర్తుంటాయి, ఇంకొకరు ఊహించలేరు. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదంటారు. మీ వయసులో ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి, బ్యాంకు పాసుబుక్కులు ఉన్నచోట పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మరిచిపోయి బయటపడే తోవ లేకపోవడం కన్నా అది నయం. పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతా తిరిగి తెరుచుకోవడానికి 'రికవరీ ఈమెయిల్' అని ఒకటి ఉంటుంది, అక్కడ మాత్రం మీ అబ్బాయి మెయిల్ ఇవ్వండి. అతని చోటు అక్కడ.

తెర తాళానికి ఆరంకెల పిన్ పెట్టుకోండి. సామ్‌సంగ్ ఖాతా అడిగితే 'స్కిప్' అనేయండి, మీ మూడు అవసరాలకూ అది అక్కర్లేదు. ఇంకా ఏవేవో యాప్‌లు దించమంటుంది, టిక్కులన్నీ తీసేయండి. చివర్లో 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్' ఉందంటే చార్జర్ పెట్టి ఉంచి కానివ్వండి. అది కాస్త సమయం తింటుంది, ఈలోగా వంట చూసుకోవచ్చు.

ఇప్పుడు టాబ్లెట్‌ను మీ చేతికి, కంటికి అలవాటు చేద్దాం. తెర అడుగున వెనక్కి వెళ్లే బాణం, దాని పక్కన చిన్న గడి లాంటి హోమ్ గుర్తు ఉన్నాయా? లేకపోతే వేలితో కింది నుంచి పైకి జరిపే పద్ధతి పెట్టి ఉందన్నమాట. పెద్దవాళ్లు ఎక్కువగా తికమకపడేది దీనితోనే. 'డిస్‌ప్లే' లో 'నావిగేషన్ బార్' కు వెళ్లి 'బటన్స్' ఎంచుకోండి. ఇక ఎక్కడ ఇరుక్కున్నా ఆ హోమ్ గుర్తు నొక్కితే మొదటి తెరకు వచ్చేస్తారు. అలాగే, వేలు ఎక్కువసేపు ఆనిస్తే యాప్‌ల బొమ్మలు కదిలిపోయి మాయమవుతుంటాయి. మీకు కావలసిన ఆరేడు బొమ్మలు ఉంచుకుని మిగతావి మొదటి తెర మీద నుంచి తీసేశాక, 'హోమ్ స్క్రీన్' సెట్టింగులో 'లాక్ హోమ్ స్క్రీన్ లేఅవుట్' ఆన్ చేయండి. ఇక అవి కదలవు.

మీ మూడు కోరికల్లో మొదటిది పుస్తకాలు కదా. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే టాబ్లెట్ మీలాంటివాళ్లకు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకాలు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి, పుస్తకం పేజీలను ఫొటో తీసి పెట్టినవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు చాలావరకు అక్కడే దొరుకుతాయి. రెండు, అక్షరాలను మళ్లీ టైపు చేసి పెట్టినవి. తెలుగు వికీసోర్స్ అలాంటిది. మీ కంటికి ఈ తేడా ముఖ్యం. సెట్టింగుల్లో అక్షరాలు ఎంత పెద్దవి చేసినా స్కాన్ పేజీలో అక్షరం పెరగదు, అది బొమ్మ కాబట్టి. రెండు వేళ్లతో సాగదీసి చూడాల్సిందే. వికీసోర్స్‌లో మాత్రం అక్షరం పెంచితే, దానికి తగ్గట్టు వాక్యం కిందికి మడుచుకుని వస్తుంది. క్రోమ్‌లో (సైట్లు తెరిచి చూసే యాప్ అది) మూడు చుక్కలు నొక్కి, 'సెట్టింగ్స్', 'యాక్సెసిబిలిటీ' లోకి వెళ్తే అక్షరాల సైజు ఎంత కావాలంటే అంత జరుపుకోవచ్చు. మొదట అక్కడ చదవండి.

అలాగని స్కాన్ పుస్తకాలను వదిలేయొద్దు. 11 అంగుళాల తెర నిలువుగా పట్టుకుంటే సుమారు 24 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు. మన పాత నవలల పేజీ ఎక్కువగా 18 సెంటీమీటర్ల పొడవే ఉంటుంది. అంటే మీరేమీ సాగదీయకుండానే పేజీ అసలు పుస్తకం కన్నా పెద్దగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న తెల్లటి అంచును రెండు వేళ్లతో జరిపేస్తే అక్షరం ఇంకాస్త పెరుగుతుంది. చదివేటప్పుడు పక్కకు తిరిగినప్పుడల్లా పేజీ అడ్డంగా పడుతుంటే, తెర పైనుంచి కిందికి వేలు జరిపి 'ఆటో రొటేట్' ఆపేయండి. పుస్తకాన్ని పీడీఎఫ్‌గా దించుకుంటే వైఫై లేనప్పుడు కూడా చదవొచ్చు. స్కాన్ పుస్తకం 30, 40 ఎంబీ ఉందనుకున్నా, వంద పుస్తకాలకు నాలుగు జీబీ మించదు. చోటు చాలదేమోనని దిగులు వద్దు. దించుకున్నవన్నీ 'మై ఫైల్స్' అనే యాప్‌లో 'డౌన్‌లోడ్స్' లో ఉంటాయి. అక్కడే పుస్తకాలకు పేర్లు మార్చి, ఒక ఫోల్డర్ (సంచీ లాంటిది) తెరిచి అందులో పెట్టుకోండి. లేకపోతే వారం తిరక్కుండానే ఏది ఏదో తెలియకుండా పోతుంది.

సాయంత్రం వేళ 'ఐ కంఫర్ట్ షీల్డ్' పెట్టుకుంటే తెర పసుపు రంగుకు తిరుగుతుంది. కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి కాగితం మాసినట్టుంటుంది. మీ కంటికి ఏది బాగుంటే అది చేయండి. టాబ్లెట్ అరకిలో దాకా బరువుంటుంది, చేత్తో ఎత్తి పట్టుకుని గంటసేపు చదవలేరు. మీ ఇంట్లో వ్యాసపీఠం ఉండే ఉంటుంది. దాని మీద పెట్టి చదువుకోండి. స్టాండు కొనాల్సిన పని లేదు.

కన్ను అలిసినప్పుడు వినొచ్చు కూడా. టాబ్లెట్ సెట్టింగ్స్‌లోని 'యాక్సెసిబిలిటీ' లో 'సెలెక్ట్ టు స్పీక్' అని ఉంటుంది. అది ఆన్ చేస్తే తెర మీద చిన్న గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి, తెలుగు పేరాను తాకితే చదివి వినిపిస్తుంది. పద్యం చదివించకండి, యతి స్థానం తెలియదు దానికి, మీకు బాధగా ఉంటుంది. వచనం పర్వాలేదు.

మనవరాలితో మాట్లాడటానికి వాట్సాప్ చాలు. కానీ ఇక్కడ ఒక పొరపాటు జరిగే చోటుంది. టాబ్లెట్‌లో వాట్సాప్ తెరిచి మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే ఫోన్‌లోని వాట్సాప్ ఆగిపోతుంది. అలా చేయొద్దు. టాబ్లెట్‌లో వాట్సాప్ తెరిచినప్పుడు చదరపు గడులతో క్యూఆర్ కోడ్ వస్తుంది. మీ ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, మూడు చుక్కల్లో 'లింక్డ్ డివైసెస్', 'లింక్ ఎ డివైస్' నొక్కి ఫోన్ కెమెరాను ఆ గడుల ముందు పెట్టండి. రెండింట్లోనూ పనిచేస్తుంది. పధ్నాలుగు రోజులకు ఒకసారైనా ఫోన్‌లో వాట్సాప్ తెరుస్తుండాలి, లేకపోతే టాబ్లెట్‌లోది తెగిపోతుంది. మీరు రోజూ చూస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. వీడియో కాల్ అప్పుడు టాబ్లెట్‌ను అడ్డంగా పెట్టుకోండి. ఇలాంటి టాబ్లెట్లలో చాలావాటికి ముందు కెమెరా పొడవు వైపు అంచులో ఉంటుంది. నిలువుగా పెడితే మీరు ఎటో పక్కకు చూస్తున్నట్టు మనవరాలికి కనిపిస్తారు. కిటికీకి ఎదురుగా కూర్చోండి, కిటికీ వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది.

వాళ్లు ఈసారి వచ్చినప్పుడు పాప టాబ్లెట్ అడగకుండా ఉండదు. దాని కోసం 'అకౌంట్స్ అండ్ బ్యాకప్' లో 'యూజర్స్' కింద ఇంకొక పేరు తెరవండి. ఒకే టాబ్లెట్‌లో రెండు గదులన్నమాట. ఆ గదిలో పాప ఆటలు వేసుకున్నా, మీ పుస్తకాలు, మీ రాతలు కదలవు.

భద్రత గురించి నాలుగు మాటలు. బ్యాంకు యాప్‌లు ఈ టాబ్లెట్‌లో పెట్టొద్దు. యూపీఐకి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే పరికరంలో ఉండాలి. మీ టాబ్లెట్‌కు సిమ్మే లేదు, ఉన్నా నేను వద్దనే చెబుతాను. పెన్షన్ డబ్బుకూ మీరు చదువుకునే తెరకూ సంబంధం లేకుండా ఉంటే మీరు నిశ్చింతగా వేలు కదపగలరు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి, చివర ఏపీకే అని ఉన్న ఫైలు వస్తే తెరవకండి. పంపింది మీ చుట్టమే అయినా సరే, ముందు ఆ చుట్టానికి ఫోన్ చేసి అడగండి. అది యాప్, శుభలేఖ కాదు. 'సెక్యూరిటీ అండ్ ప్రైవసీ' లో 'ఆటో బ్లాకర్' ఆన్‌లో ఉంటే ఇలాంటివి లోపలికి రావు. క్రోమ్‌లో చదువుతున్నప్పుడు ఏ సైటైనా నోటిఫికేషన్లు పంపనా అని అడిగితే 'బ్లాక్' నొక్కండి. టాబ్లెట్‌లో వైరస్ చేరిందని భయపెట్టే ప్రకటనలు చాలావరకు ఆ ఒక్క 'అలౌ' నొక్కినందుకే వస్తాయి. మీ అబ్బాయి గూగుల్ మీట్‌లో మీ తెర చూసి సాయం చేయొచ్చు. అతను తప్ప ఇంకెవరు ఫోన్ చేసి తెర చూపించమన్నా, పోలీసులమన్నా బ్యాంకువాళ్లమన్నా సరే, ఫోన్ పెట్టేయండి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 కి ఫోన్ చేయాలి. ఆ నంబరు కూడా పాస్‌వర్డ్ నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి.

మిగిలింది రాయడం. ప్లే స్టోర్ నుంచి 'జీబోర్డ్' (గూగుల్ కీబోర్డు), 'గూగుల్ డాక్స్' (రాసుకునే యాప్) దించుకోండి. జీబోర్డ్‌లో భాషలకు వెళ్లి తెలుగు కలిపేటప్పుడు రెండు మూడు రకాల పలకలు (కీబోర్డులు) చూపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేదాన్ని ఇప్పుడు అందరూ వాడుతున్నారు. ఎ, ఎమ్, ఎమ్, ఎ కొడితే పైన 'అమ్మ' అని వస్తుంది. కానీ న, ణ, ల, ళ దగ్గర అది ఒక్కోసారి తప్పు మాట ఇస్తుంది, పై వరసలోంచి సరైనదాన్ని ఏరుకోవాలి. ముప్పై ఏళ్లు పిల్లల కాగితాల్లో ణత్వం దిద్దిన మీకు అది విసుగు తెప్పిస్తుంది. మీరు 'చేతిరాత' పలక తీసుకోండి. తెర అడుగున ఖాళీ గడి వస్తుంది, అందులో వేలితో నల్లబల్ల మీద రాసినట్టు రాయడమే. ఒత్తులు, వట్రుసుడులు కూడా గుర్తుపడుతుంది. కలంలాంటి పుల్ల కావాలంటే మామూలు రబ్బరు మొన స్టైలస్ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఎక్కువ రాయాల్సి వచ్చినప్పుడు మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. "కందిపొడికి కందిపప్పు దోరగా వేయించి" అని మీరు మామూలుగా చెబుతుంటే అక్షరాలు తెర మీద పడిపోతుంటాయి. పేరా మొత్తం ఒకేసారి చెప్పకండి. ఒక వాక్యం చెప్పి, ఆగి, చూసుకుని, కామాలు చుక్కలు మీరే పెట్టుకుని, తర్వాతి వాక్యానికి వెళ్లండి. వంటల పేర్లు, ఊళ్ల పేర్లు, మీ ఇంటి మాటలు కొన్ని తప్పుగా వింటుంది. వాటిని చేతిరాతతో దిద్దుకోండి. డాక్స్‌లో 'సేవ్' అని వేరే నొక్కాల్సిన పనిలేదు. వైఫై ఉంటే మీరు రాసింది రాసినట్టే మీ ఖాతాలో చేరుతుంది, టాబ్లెట్ కింద పడి పగిలినా పోదు. మూడు నెలలుగా మీరు భయపడ్డది దేని గురించో, దానికి ఇది జవాబు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ రాతలకు పట్టే చోటు లెక్కలోకే రాదు. ఫొటోలు, వీడియోలే నింపేస్తాయి. కాబట్టి వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మల్ని బ్యాకప్ చేయనివ్వకండి.

ఒక వంటకు ఒక డాక్ చొప్పున పెట్టండి, పేరు తెలుగులో రాయండి. పూర్తయ్యాక పైన 'షేర్' నొక్కి మీ అబ్బాయి మెయిల్ ఇచ్చి, 'వ్యూయర్' గా పంపండి. అలా పంపితే వాళ్లు చదవగలరు గానీ పొరపాటున చెరపలేరు. మీ మనవరాలికి తెలుగు చదవడం వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే, ఆ పేజీ పంపిన రోజే దాన్ని మీరే పైకి చదవండి. వాట్సాప్‌లో మైకు గుర్తును వేలితో నొక్కి పట్టుకుని చదివి, వేలు తీసేస్తే చాలు, మీ గొంతు వాళ్లకు చేరుతుంది. ముందుగా కందిపొడి పంపండి. రెండు నిమిషాల్లో చదివేయొచ్చు.